ఎవరికి ఏ వేషము?

చాలా దినాల తరువాత వ్రాస్తున్నాను. కంటికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట రెండు నెలలు ఈ తెర వంక చూడవద్దని వైద్యులు ఆంక్ష పెట్టారు. నాకు ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగు టైపు చేయడం నేర్పిన గురువు మా దౌహిత్రి. ఈనాడు వ్రాయబోయే ముచ్చట ఆమెదే. ‘మా వాళ్ళ పేర్లు, కాలేజీ పేరు మాత్రం వేయకు తాతయ్యా’ అని గురువుగారి షరతు. కనుక ఇందులో పేర్లుండవు, చదువరులు మన్నించాలి.

మా అమ్మాయి, అల్లుడు కొండాపూర్‌లో ఉంటారు. ఉద్యోగ విరమణ చేసి, మా ఆవిడ కాలం చేసిన తరువాత నేనూ ఇక్కడికే చేరాను. పదకొండవ అంతస్తులోని బాల్కనీలో నిలబడితే హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు కనబడతాయి. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రెండేళ్ళకు కాబోలు, పిల్లలను శిల్పారామం చూపించడానికి విహారయాత్రకు తీసుకొని వచ్చాను. చుట్టూ గుండ్రాళ్ళు, తుమ్మపొదలు, నడుమ ఆ గుండ్రని కట్టడం. ‘లోపల ఏం తయారు చేస్తారు సార్?’ అని ఒక పిల్లవాడు అడిగాడు. నాకు తెలియదు. ‘కంప్యూటర్లు’ అని చెప్పి బస్సెక్కించాను. నేటికీ ఆ ప్రశ్నకు నాకు సరియైన సమాధానం రాదు గాని, అక్కడ పని ఎట్లా పంచుకొంటారో మాత్రం కొంత తెలిసింది. మా అల్లుడు ప్రతి ఉదయం చెవులకు యంత్రం తగిలించుకొని ‘స్టాండప్’ అనే సమావేశంలో నిన్న ఏం చేశాడో, నేడేం చేస్తాడో, ఎక్కడ ఆగిపోయాడో చెబుతాడు. పేరుకు స్టాండప్. ఆయన మాత్రం పడక కుర్చీలో పడుకొని చెబుతాడు.

ఇక విషయానికి వస్తాను. ఇంజనీరింగు విద్యార్థులకు ‘స్మార్ట్ ఇండియా హ్యాకథాన్’ అనే పోటీ ఒకటున్నది. 2017లో ఆరంభమైనది. కేంద్ర విద్యాశాఖ, ఏఐసీటీఈ కలిసి నడుపుతాయి. ప్రభుత్వ శాఖలూ, సంస్థలూ తమకున్న చిక్కులను సమస్యలుగా ఇస్తాయి. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇచ్చినట్లే అనుకోండి, పూరణ మాత్రం ప్రోగ్రాముతో చేయాలి. ముందు ఎవరి కళాశాలలో వారికి వడపోత. పైకి వెళ్ళిన సాఫ్టువేరు జట్లకు తుది ఘట్టంలో 36 గంటల ఏకధాటి పరీక్ష. జట్టుకు ఆరుగురు, ఆరుగురూ ఒకే కళాశాల వారై ఉండాలి. ఆ ఆరుగురిలో కనీసం ఒక్క ఆడపిల్ల ఉండి తీరాలి. ఈ చివరి నియమమే మా కథకు మూలకందము.

నిరుడు శ్రావణమాసంలో ఒక ఆదివారం ఐదుగురు మగపిల్లలు మా ఇంటికి వచ్చారు. అప్పటికి వాళ్ళు మూడవ సంవత్సరంలో ఉన్నారు. మా పిల్లతో కలిపి ఆరుగురు. ఇల్లు విశాలమనీ, వైఫై వేగమనీ, టిఫిను దొరుకుతుందనీ ఇక్కడ కూడారట. సమస్య ఏమిటంటే, పల్లెప్రజలు తెలుగులో వ్రాసుకొన్న అర్జీని యంత్రమే చదివి, అది ఏ శాఖకు చెందినదో తేల్చి, అక్కడికి పంపాలి. జట్టునాయకుడు చురుకైన కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. గోడకు ఒక తెల్ల కాగితం అంటించి పేర్లు వ్రాశాడు. తనకు బ్యాకెండు. ఒకరికి ఫ్రంటెండు. ఇద్దరికి అర్జీని చదివి గ్రహించే మెషీన్ లెర్నింగు. నిజామాబాదు జిల్లా నుండి వచ్చిన ఒక మితభాషికి డేటాబేసు. చివర మా పిల్ల పేరు, ఎదురుగా ‘డాక్యుమెంటేషన్, పీపీటీ’.

నేను వంటింటి గుమ్మంలో ఉప్మా గిన్నెతో నిలబడి అది చదివాను. సంతోషించాను కూడా. దాని అక్షరాలు ముత్యాలు. వాక్యం వ్రాస్తే కర్త, కర్మ, క్రియ ఉన్నచోటనే ఉంటాయి. తగిన పనే దొరికిందనుకొన్నాను.

ఆ రాత్రి భోజనానికి రాలేదు. పిలవడానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకొని ఉన్నది.

‘తాతయ్యా, వాళ్ళు ఐదుగురూ మొదటి సంవత్సరం నుండి ఒక్క జట్టు. రూల్ ఉంది కాబట్టి నన్ను పిలిచారు. ఇప్పటికి ఇది మూడోసారి. ప్రతిసారీ నాకు పీపీటీయే.’

డేటాబేసు పాఠంలో తరగతికంతా ప్రథమురాలని అప్పుడు చెప్పింది. ఇంట్లో నాకా సంగతి తెలియదు. అడిగితే గదా తెలిసేది.

నేను తెలుగు పండితుణ్ణి. ఓదార్చవలసి వస్తే కవిత్రయం దగ్గరికి పరుగెత్తుతాను. ‘ఎర్రన చేసినదేమిటమ్మా?’ అన్నాను. ‘నన్నయ అరణ్యపర్వం నడుమ వదలివేశాడు. తిక్కన ఆ భాగం ముట్టక విరాటపర్వంతో మొదలుపెట్టి పదునైదు పర్వాలు వ్రాశాడు. నడుమ మిగిలిన గండి పూడ్చినవాడు ఎర్రన. అదీ ఎట్లా? తాను వ్రాసినట్లు పైకి తెలియనీయక, నన్నయ అంకితమిచ్చిన రాజరాజనరేంద్రుని పేరనే వ్రాశాడు. ఆరంభంలో నన్నయ ఛాయ, పోను పోను తిక్కన ఛాయ. ఎక్కడ అతికాడో వెదకితే గాని తెలియదు. ప్రబంధపరమేశ్వరుడని బిరుదు పొందినవాడు ఇంకొకరి గ్రంథంలో ఆ పని చేశాడు. కనబడని పని చిన్నపని కాదు తల్లీ!’

నా ఉపన్యాసం నాకే రుచించింది. పిల్ల మాత్రం లేచి కూర్చొని అన్నది కదా, ‘ఎర్రన తానే ఆ పని ఎంచుకొన్నాడు కదా తాతయ్యా. ఎవరైనా గోడ మీద ఆయన పేరు ఎదురుగా వ్రాశారా?’

నాకు మాట రాలేదు. వచ్చి నా గదిలో కూర్చొన్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. కారణం మా మనుమరాలు కాదు.

1991లో నేను నల్గొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. వార్షికోత్సవానికి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల నుండి రాయబార ఘట్టం ఆడించాలని సంకల్పించాను. తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. వాడికి నత్తి. మామూలుగా మాట్లాడితే ‘సార్’ అన్న మాట బయటికి రావడానికి ముఖమంతా ఎర్రబడేది. కాని పద్యం ఎత్తుకొంటే ఒక్క అక్షరం తడబడేది కాదు. నత్తి ఉన్నవారిలో చాలమందికి పాటలో అది మాయమవుతుందని తరువాత ఎక్కడో చదివాను. అప్పటికి ఆ శాస్త్రం నాకు తెలియదు గాని, వాడి గొంతులోని సంగతి తెలుసు. హార్మణీ మాస్టారు కూడా ‘కృష్ణుడు వీడేనండీ’ అన్నాడు.

కృష్ణ వేషం నేను వాడికివ్వలేదు. ఆ ఊరి పెద్దమనిషి ఒకరి కొడుకు పదవ తరగతిలో ఉన్నాడు. నదురైన విగ్రహం, పెద్ద కళ్ళు. కిరీటానికి, పట్టుబట్టలకు వాళ్ళ ఇంటి నుండే చందా వచ్చింది. పద్యాల నడుమ వచనం ఉంటుంది గదా, అక్కడ నత్తి వస్తే నవ్వులపాలవుతాడని నాకు నేను చెప్పుకొన్నాను. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ కొంత నిజాన్ని అడ్డం పెట్టుకొని మిగిలినదంతా దాచాను. వాడిని తెర వెనుక నిలబెట్టి, పద్యాలు అందించే పని అప్పగించాను. ‘నీకు అందరి పద్యాలూ నోటికి వచ్చు, అది ఎంత గొప్ప’ అని మెచ్చుకొన్నాను. ఆనాడు ఎర్రన ప్రస్తావన కూడా తెచ్చానేమో, గుర్తులేదు. తెచ్చే ఉంటాను.

ప్రదర్శన నాడు కృష్ణుడు ఒక పద్యం మూడవ పాదంలో ఆగిపోయాడు. వెనుక నుండి మాట అందింది. వాడికి వినబడలేదు. మళ్ళీ అందింది. వాడి కళ్ళు తేలిపోయాయి. అప్పుడు తెర వెనుక నుండి ఆ నత్తి పిల్లవాడు మూడవ పాదం, నాలుగవ పాదం, ఆ మీద సుదీర్ఘమైన రాగం ఎత్తుకొని పాడేశాడు. ముందున్న కృష్ణుడు తెలివిగా పెదవులు కదిలించాడు. జనం ‘వన్స్ మోర్’ అన్నారు. రెండవసారి కూడా అట్లాగే జరిగింది. బహుమతి ప్రదానంలో వేదిక మీద నేను కృష్ణుడి భుజం తట్టాను. తెర వెనుకకు వెళ్ళలేదు.

చాలా యేండ్లకు, నేను పదవీ విరమణ చేసే ముందు, ఒక పెండ్లిలో ఒకతను వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. అతడే. మైకుసెట్టు, లైటింగు వ్యాపారం. నత్తి చాలావరకు తగ్గింది. ‘ఇ... ఇప్పటికీ తెర వెనుకే ఉన్నానండి మాస్టారూ’ అని నవ్వాడు. పరిహాసానికే అన్నాడు, సందేహం లేదు. నేను నవ్వలేకపోయాను. ఏదో పలహారం గురించి మాట్లాడి తప్పించుకొన్నాను.

తెల్లవారిన తరువాత ఇదంతా పిల్లతో చెప్పాను. మొదటిసారి ఒకరితో చెప్పడం. అది కొంతసేపు ఊరకుండి, ‘అయితే నువ్వు మా లీడరు పార్టీ అన్నమాట’ అన్నది. నవ్వుతూ అన్నదో కాదో చెప్పలేను. తరువాత తన పాఠ్యపుస్తకాలు, ఇంకేవో తెచ్చి ముందు వేసింది. సాఫ్టువేరు ఇంజనీరింగు అన్న పేరుకు ప్రచారం 1968లో జర్మనీలోని గార్మిష్ అనే ఊళ్ళో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సుతో వచ్చిందట. ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే ఆయన ఐబీఎం వారి సిస్టమ్ 360 యంత్రాలకు ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణం నడిపించి, ఆ అనుభవంతో 1975లో ఒక పుస్తకం వ్రాశాడు. ఆలస్యమైన పనికి మరికొందరు మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని అందులో సూత్రం. పంటకోతలు ఎరిగిన మనకు ఇది మొదట వింతగా తోస్తుంది. కాని కావ్యరచన ఎరిగినవారికి వింత కాదు. వచ్చిన ప్రతివాడికీ ముందటి కథంతా చెప్పి కూర్చోవాలి గదా!

నన్ను మరీ ఆకర్షించినది అందులోని జట్టు ముచ్చట. హార్లన్ మిల్స్ అనే ఆయన ఊహను బ్రూక్స్ విస్తరించాడు. శస్త్రచికిత్సాలయంలో వలె కత్తి పట్టేవాడు ఒక్కడే. అతనికి తోడుగా ఉపశస్త్రకారుడు, లెక్కలు, వ్యవహారం చూచేవాడు, వ్రాతలు దిద్దే సంపాదకుడు, ఇద్దరు కార్యదర్శులు, దస్త్రాలు చూచే గుమాస్తా, పనిముట్లు చేసి ఇచ్చేవాడు, పరీక్షకుడు, చివర ‘లాంగ్వేజ్ లాయర్’, అనగా భాషా వకీలు. పదిమంది. భాషా వకీలు! ప్రోగ్రాము వ్రాసే భాష లోతుపాతులు, సూక్ష్మాలు తెలిసినవాడట. ఎందుకూ కొరగాడనుకొన్న పండితుడికి అక్కడ ఒక పీట వేశారని మురిసిపోయాను. ‘అది మన భాష కాదు తాతయ్యా’ అని పిల్ల నీళ్ళు చల్లింది. ఐనా ఆ పేరు నాకు నచ్చింది.

ఆ పట్టికలో సంపాదకుడూ ఉన్నాడు, పరీక్షకుడూ ఉన్నాడు. గోడమీది కాగితంలో పరీక్షకుడు లేడు. అది పట్టుకొన్నది మా పిల్లే, నేను కాదు.

రెండవ ఆదివారం వాళ్ళు వచ్చేలోపు అది ఒక పని చేసింది. వ్యవసాయమూ, పింఛనూ, కరెంటూ ఇట్లా వాడుక మనవులు నలభై పోగు చేసింది. నేను పల్లెటూళ్ళలో ముప్పైరెండేళ్ళు అర్జీలు వ్రాసిపెట్టినవాణ్ణి. బడి వదలిన తరువాత పంతులు చేయవలసిన రెండవ ఉద్యోగం అదే. ఆ భాష నాకు కంఠస్థం. కొన్ని నేను చెప్పాను. కొన్ని మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య చెప్పింది. ఆమెది పాలమూరు. ఆమె చెప్పినది చెప్పినట్లే వ్రాసికొన్నది.

ఆ ఒక్క మాట చూడండి, పింఛను. పింఛను, పించను, పింఛన్, పెన్షన్, పించిని, పెంచను. పుస్తకంలో ఒకటే ఒప్పు. అర్జీలలో అన్నీ వస్తాయి. నా జీవితమంతా ఎర్రసిరాతో సున్న చుట్టినవే అవి. ఇప్పుడు వాటిని ఏరి, వరుసగా వ్రాసి, ‘ఇంకేమైనా తప్పులున్నాయా తాతయ్యా?’ అని మనుమరాలు అడుగుతుంటే, జ్ఞాపకం తెచ్చుకొని మరీ తప్పులు చెప్పాను. శిష్యుల తప్పులకు ఇంత విలువ వస్తుందని కలగన్నానా!

పిల్లలు వచ్చారు. వాళ్ళ ప్రోగ్రాము బాగా పని చేస్తున్నదన్నారు. పరీక్షించినవన్నీ వాళ్ళు వ్రాసికొన్న చక్కని వాక్యాలే మరి. మా పిల్ల నలభై అర్జీలూ ఒకటొకటిగా ఎక్కించింది. పదిహేడు దారి తప్పాయి. ‘బాయి కాడ మోటరు కాలింది’ అన్న రైతు మొర వైద్య ఆరోగ్యశాఖకు పోయింది. కాలడమంటే ఒంటిగాయమనుకొన్నదో, లేక అందులో కాలు కనబడిందో, ఆ యంత్రానికే ఎరుక. పించిని అడిగిన ముసలమ్మను ఏ శాఖకూ పంపక, ‘వివరాలు చాలవు’ అని త్రిప్పి కొట్టింది. వాచ్‌మన్ భార్య చెప్పిన తొమ్మిదింటిలో రెండే చేరవలసిన చోటికి చేరాయి.

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మెషీన్ లెర్నింగు వాళ్ళలో ఒకడు, ‘ఇట్లా తప్పులతో వ్రాస్తే ఎట్లా?’ అన్నాడు. కోపంగానే అన్నాడు. నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. మా పిల్లే, ‘వ్రాసేది మన కోసం కాదు, వాళ్ళ అవసరం కోసం’ అన్నది.

అష్టావధానంలో నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుని చూచారా? అవధాని వేయబోయే అక్షరాన్ని ముందే ఊహించి వద్దంటాడు. అప్రస్తుత ప్రసంగి ధారణ చెడగొట్టడానికే కూర్చొంటాడు. చూచేవారికి ఇద్దరూ శత్రువుల వలె ఉంటారు. కాని వాళ్ళు మెతకగా ఉన్న సభలో అవధానం చప్పగా ఉంటుంది. ఈ సంగతి ఆ పిల్లలకు చెప్పాను. అవధానం చూచినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. ఐనా నిషిద్ధాక్షరి నియమం వినగానే నాయకుడి కళ్ళు మెరిశాయి. ‘ఇది టెస్టింగే కదా తాతగారూ!’ అన్నాడు.

ఆ అబ్బాయిని గూర్చి ఒక మాట చెప్పాలి. లేచి వెళ్ళి ఆ కాగితం చింపివేశాడు. ‘అవతల మేము ఐదుగురం ముందే పంచుకొని, మిగిలింది నీకు వ్రాశాం. సారీ’ అన్నాడు. ఇరవై ఏండ్లవాడు అందరి ముందు ఆ మాట అన్నాడు. నాకు పదవీ విరమణ దగ్గరపడి కూడా పెండ్లి పందిట్లో నోరు పెగలలేదు.

క్రొత్త కాగితం మీద మా పిల్లకు పరీక్ష, నిజామాబాదు అబ్బాయితో కలిసి డేటాబేసు. డాక్యుమెంటేషన్ ఫ్రంటెండు అబ్బాయికి వచ్చింది. అతడు ముఖం ముడుచుకొన్నాడు. వారం దినాలు సరిగా ఫోనెత్తలేదట. వ్రాసిన పత్రం కూడా అంతంత మాత్రమే. నేను రహస్యంగా చదివాను, క్రియలు లేని వాక్యాలు. మా పిల్ల వ్రాస్తే ఇంతకు పదిరెట్లు బాగుండేది. న్యాయం చేస్తే అన్నీ బాగుపడతాయని ఎవరు చెప్పారు?

నాయకుడికి ఇంకొక దోషముండేది. సమస్తం తన ల్యాప్‌టాప్‌లోనే దాచుకొనేవాడు. ఒక సాయంత్రం దానికి ఏదో మూడి తెర వెలగలేదు. ఐదుగురూ చేతులు కట్టుకొని కూర్చొన్నారు. అప్పుడు కొమర్రాజు లక్ష్మణరావు గారి గురించి చెప్పాను. 1906లో ఈ హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు పూనుకొన్న మహనీయుడు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమనే మహాకార్యం దాదాపు తన ఒక్క భుజం మీద మోశాడు. మూడు సంపుటాలు వచ్చాయి. 1923లో ఆయన పోయేనాటికి ‘అ’కారం దాటలేదు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. మరునాటి నుండి అందరికీ అందేట్లు గిట్‌హబ్‌లో పెట్టుకొన్నారు. నా కథ వలననో, ల్యాప్‌టాప్ బాగు చేసినవాడు వేసిన బిల్లు వలననో!

కళాశాల వడపోతలో వీళ్ళ జట్టు నెగ్గలేదు. నలభై అర్జీలలో ముప్పైనాలుగు దారిన పడ్డాయి గాని, న్యాయనిర్ణేతలకు పీపీటీ స్పష్టంగా లేదట. ఆ సాయంత్రం మా పిల్ల ఇంటికి వచ్చి, ‘నేను చేసి ఉంటే నెగ్గేవాళ్ళమేమో తాతయ్యా’ అన్నది. కావచ్చునన్నాను. అబద్ధమాడే ఓపిక లేదు. ఏడవలేదు. రెండు దోసెలు తిన్నది.

ఇప్పుడు ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుకు బ్యాచి కట్టాలి. వీళ్ళ కళాశాలలో నలుగురికి ఒక బ్యాచి. అమీర్‌పేట మైత్రీవనం ప్రాంతంలో తయారు ప్రాజెక్టులు కొనుక్కొని, వైవా ముందురాత్రి బట్టీ పట్టేవాళ్ళూ ఉన్నారట. ఆ దారి వద్దనుకొన్నారు. ఈసారి జట్టునాయకురాలు మా మనుమరాలే. మొన్న రాత్రి నా బల్ల దగ్గర కూర్చొని పేర్లు వ్రాసింది. తాను, పాత నాయకుడు, తరగతిలోని ఇంకొక అమ్మాయి, నిజామాబాదు అబ్బాయి. పేర్ల ఎదుట ఖాళీ. ఎవరికేది కావాలో వాళ్ళనే అడిగి నింపుతున్నది. ముగ్గురివి తేలాయి. నాలుగవ అబ్బాయి ఫోనులో చాలాసేపు నసిగి, తనకు డాక్యుమెంటేషన్ కావాలన్నాడు.

‘నువ్వు డేటాబేసు బాగా చేస్తావు కదరా, అదెందుకు?’ అన్నది ఇది.

ఫోను స్పీకరులో ఉన్నది గనుక నాకూ వినబడింది. ‘పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్లేస్‌మెంట్ల లోపల ఇంగ్లీషులో నాలుగు పేజీలు సొంతంగా వ్రాయడం రావాలె. వేరేవాళ్ళు నన్ను ఆ పని చేయనియ్యరు. నువ్వయితే దిద్దుతవు అని అడుగుతున్న.’

ఫోను పెట్టేసి అది నా వైపు చూచింది. నేను కళ్ళద్దాలు తుడుచుకొంటూ ఉండిపోయాను. ఇట్లాంటి చోట ఎర్రనను తేకూడదని తెలిసింది గదా.

‘నిజంగా కావాలని అడిగాడంటావా, ఇంకేం మిగలదని అడిగాడంటావా?’ అన్నది.

‘ఇంకొకసారి అడుగు’ అన్నాను.

అతని పేరు ఎదురుగా ఆ మాట వ్రాసింది, పెన్నుతో కాదు, పెన్సిలుతో. పెన్ను మూత పెట్టి నా బల్ల మీదనే వదలి వెళ్ళింది. నేను ఆ మైకుసెట్టు అతని నంబరు ఎవరి దగ్గరైనా ఉన్నదేమోనని పాత సహోపాధ్యాయులకు ఫోన్లు చేస్తున్నాను. ఇద్దరు లేదన్నారు. మూడవ ఆయన కనుక్కొని చెబుతానన్నాడు.